పువ్వు రాల్చిన నోరు

ఆయన పోయారని వాళ్ళ కోడలు మొన్న ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయారు టీచరు గారూ, ఏ బాధా పడలేదు" అంది. నేను "అయ్యో" అన్నాను. నోటికి అలవాటైన మాట గనక వచ్చింది గానీ లోపల అయ్యో ఏమీ లేదు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడితే బాగుండదని నాకూ తెలుసు. కానీ ఉన్నన్నాళ్ళూ ఆయన గురించి ఆ ఊళ్ళో ఒక్కరూ చెడ్డగా మాట్లాడలేదు. ఇక నేను మాట్లాడేది ఎప్పుడు?

"పెద్దకర్మ రోజున ఊళ్ళో పెద్దలు మాట్లాడతారంటండీ. మీరూ వచ్చి మామయ్య గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. అత్తయ్య మరీ మరీ చెప్పమంది" అంది ఆ అమ్మాయి. చూస్తానమ్మా అని పెట్టేశాను. అప్పటి నుంచి ఆ నాలుగు మాటల కోసం వెతుకుతూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం దొరికింది. ఆయన పళ్ళు గట్టివి. పొగాకు కాడని చెరుకు ముక్క నమిలినట్టు నమిలేవారు.

నాకు ఆ పళ్ళతో పరిచయం ఎనభైల్లో. చిలకలూరిపేట నుంచి లోపలికి వెళ్ళే రోడ్డు మీద ఒక ఊరి బడిలో నాకు మొదటి ఉద్యోగం. వీధి వైపు రెండు గదులు ఆయనవే అద్దెకి తీసుకున్నాను. పెద్ద వాకిలి. ఏడాదిలో సగం రోజులు అందులో మిరపకాయలు ఎర్రగా పరచి ఉండేవి, మిగతా సగం పత్తి కుక్కిన గోనె బోరేలు. గోడ వారన వంటచెరుకు కోసం పత్తికట్టె వాము. నేను ఆయన్ని బాబాయి గారు అనేదాన్ని, ఆయన భార్యని పిన్ని గారు అనేదాన్ని. ఆ ఇద్దరిలో పిన్ని గారి మాట ఎలా ఉంటుందో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయన మాట మాత్రం ట్రంకు పెట్టె దించకముందే తెలిసింది.

"ఏదీ, ఇట్టా చూడు" అంటూ వచ్చి, బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూశారు. "రక్తం లేదమ్మా నీకు. పంతులమ్మలకి ఎట్టా ఉంటదిలే" అన్నారు. ఆ వేలు పొద్దుటి నుంచీ మిరపకాయల తొడిమలు తీసిన వేలు. పంచెకి తుడుచుకున్నారు, అదే ఆయన చేతులు కడుక్కోవడం. సాయంత్రం దాకా నా కళ్ళు మండిపోయి కారుతూనే ఉన్నాయి. పిన్ని గారు తడిగుడ్డ తెచ్చి ఇస్తుంటే ఆయన అరుగు మీద నుంచే, "తుడవమాక. చెడు నీరు పోతంది, పోనీ. నాకు తెలవదా?" అన్నారు.

నాకు తెలవదా? ఆయన మాటల్లో సగం ఇదే. ఇది ప్రశ్న కాదు. దీని తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడకూడదని అర్థం.

ఊరికి ఆయన కంటి వైద్యుడు. మనుషులకి కాదు, ఎడ్లకీ గేదెలకీ. నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ కడితే దాన్ని మా వైపు పువ్వు అంటారు. పువ్వు పడిందంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా ఎడ్లని ఆయన వాకిట్లోకి తోలుకొచ్చేవారు. ఆయన అరుగు అంచున కాళ్ళు చాపి కూర్చుని, అరచేతిలో పొగాకు కాడ, దాని మీద రెండు రాళ్ళ ఉప్పు వేసుకుని నోట్లో పెట్టుకునేవారు. కళ్ళు మూసుకుని నమిలేవారు. ఆ నమిలినంతసేపూ వాకిట్లో ఎవరూ దగ్గకూడదు. ప్రార్థన జరుగుతున్నట్టు నిలబడేవాళ్ళు. తర్వాత ఇద్దరు మనుషులు కొమ్ములూ ముకుతాడూ పట్టుకుని ఎద్దు తల వంచితే, ఆయన రెప్ప విడదీసి, దగ్గరికి వంగి, నోట్లో ఉన్నదంతా దాని కంట్లోకి ఉమ్మేవారు.

ఎద్దు అల్లాడిపోయేది. గిట్టలతో నేల తవ్వేసేది. "పట్టిందిరా మందు" అని అందరూ సంతోషించేవారు. ఎంత అల్లాడితే అంత మంచి మందు. నేను కిటికీ తలుపు వేసుకునేదాన్ని.

వాటిల్లో కొన్నిటికి నయమయ్యేది. కంట్లో నలుసు పడి నీళ్ళు కారేవి ఊరికే వదిలేసినా నయమవుతాయి. ఆ పేరు ఆయన నోటికి వచ్చేది. నయం కాని వాటికి మాత్రం కారణం ఎప్పుడూ వేరేచోట ఉండేది. ఒకసారి ఒక రైతు, ఆయన చేత మందు వేయించుకెళ్ళిన ఎద్దుకి కన్ను పూర్తిగా పోయిందని మళ్ళీ తీసుకొచ్చాడు. ఆయన దాని కన్ను వంక ఒక్కసారి చూసి, రైతు వెనక నిలబడ్డ భార్య వంక తిరిగారు. "ముట్టుగాలి తగిలింది. ఇంట్లో ఎవరో బయటుండి కొట్టంలోకి పోయారు. నాకు తెలవదా?" అన్నారు. అంతమందిలో ఆ మనిషి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రైతు ఇంటికి వెళ్ళి ఆమెను ఏమన్నాడో నాకు తెలియదు. తోలుకెళ్ళేటప్పుడు మాత్రం ఎద్దుని మెల్లగా నడిపించుకుంటూ, ఆమెను నడవవే అని కసిరాడు. ఆయన వక్కపలుకు నోట్లో వేసుకుని లోపలికి వెళ్ళారు.

నాకు ఆయనంటే అసహ్యం ఆ రోజే మొదలైంది. కానీ అది నా మీదికి వచ్చేదాకా అసహ్యంగానే ఉంది.

నాకొక పిల్లి ఉండేది. నేను తెచ్చుకోలేదు, పత్తి బోరేల మధ్య పుట్టి, పెద్దదై, నా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఎక్కడా మచ్చ లేని తెలుపు. దూది అని పిలిచేదాన్ని. ఆయన కూడా దాన్ని ఉండనిచ్చారు. "ఎలకల్ని పట్టుద్ది, పడి ఉండనీ" అన్నారు. కొత్త ఊళ్ళో, తాళం తీసి లోపలికి వెళ్తే నా కోసం లేచి ఒళ్ళు విరుచుకునే ప్రాణి అదొక్కటే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

ఒక పొద్దున దూది పత్తికట్టె వాములో ఎలక వెంట దూరింది. బయటికి వచ్చేటప్పటికి ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. నీరు కారుతోంది. పంజాతో రుద్దుకుంటోంది. ఒళ్ళో పెట్టుకుని రెప్ప తీసి చూస్తే నల్లగుడ్డు మీద గోటితో గీసినట్టు సన్నటి గీత. పత్తికట్టె కొన గుచ్చుకుంది.

ఆయన అప్పటికే లేచి వస్తున్నారు. "ఏదీ, ఇట్టా చూపించు."

"వద్దండి బాబాయి గారూ. పేట తీసుకెళ్తాను, పశువుల ఆసుపత్రికి."

వీధి మొత్తానికి వినపడేలా నవ్వారు. "పిల్లికి బస్సంట! పిల్లికి డాక్టరంట! ఏమేవ్, ఇన్నావా? టీచరమ్మ పిల్లిని ఆసుపత్రిలో చేర్పిస్తదంట!" అన్నారు లోపలికి. పిన్ని గారు నవ్వలేదు, వైరు బుట్ట తెచ్చి ఇచ్చింది. దాంట్లో తువ్వాలు పరచి, దూదిని కూర్చోబెట్టి, మూతి మాత్రం బయటికి ఉంచి ఎర్ర బస్సెక్కాను.

పేటలో పశువుల డాక్టరు కూడా మొదట నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. గేదెల వెనక నిలబడి మా వంతు వచ్చాక, టార్చిలైటు వేసి రెండు పక్కల నుంచీ చూశాడు. "గుడ్డు పగల్లేదమ్మా, అదృష్టం. పైన పొర మాత్రం చీరుకుంది. కన్నుకేం కాదు. కానీ రెండు సంగతులు. దాన్ని గోక్కోనివ్వకూడదు. ఈ ఆయింట్‌మెంట్ తప్ప ఇంకేదీ, నీళ్ళయినా సరే, కాచి చల్లార్చినవి తప్ప కంట్లో పడకూడదు. ఆముదమనీ, ఉల్లిపాయ రసమనీ ఎవరైనా చెప్తారు, వినబోకండి" అన్నాడు. గోక్కోకుండా మెడకి అట్ట కట్టమన్నాడు.

చీర అట్టపెట్టె కత్తిరించి, గరాటులా చుట్టి, అంచులకి గుడ్డ కుట్టి దూది మెడకి కట్టాను. ఆయన చూసి, "పిల్లికి గొడుగు పెట్టావా" అన్నారు. పెట్టాను. పొద్దునా మధ్యాహ్నం బడి విరామంలో వచ్చీ, సాయంత్రం, పడుకోబోయే ముందూ మందు పెట్టేదాన్ని. మొదట నన్ను రక్కింది. తర్వాత నాకు చెయ్యి కుదిరింది. వెనక నుంచి ఒళ్ళో అదుముకుని, గడ్డం కింద వేలు పెట్టి తల ఎత్తి, పై నుంచి కాకుండా పక్క నుంచి ట్యూబు తెస్తే బెదరదు. కింది రెప్ప కొంచెం జార్చి అందులో వదిలితే చాలు. ఆ మందు తెల్లగా వెన్నలా ఉండి, కరిగేదాకా కన్నంతా పొరలా పరుచుకునేది.

కొద్ది రోజుల్లోనే దూది కన్ను విప్పింది. నీరు తగ్గింది. ఒక పొద్దున మందు పెట్టాక, ఆ అట్ట గరాటులోంచి రెండు కళ్ళతోనూ నన్ను చూసింది. బడికి వెళ్తూ దారంతా ఏదో పాడుకున్నానని గుర్తు. ఆ రోజు బడిలో తనిఖీ ఉంది, మధ్యాహ్నం ఇంటికి రావడం కుదరదని పొద్దున ఆలస్యంగా, కొంచెం ఎక్కువే మందు పెట్టి వెళ్ళాను. నా గదికి మారు తాళంచెవి ఎప్పుడూ ఇంటివాళ్ళ దగ్గరే ఉండేది.

సాయంత్రం వచ్చేటప్పటికి అట్ట గరాటు బట్టల తీగకి వేలాడుతోంది.

ఆయన అరుగు మీద ఉన్నారు. మంచి హుషారుగా ఉన్నారు. "రామ్మా టీచరమ్మా. నేను చూడబట్టి సరిపోయింది గానీ, నువ్వట్టా వదిలేసి పోతే ఏమయ్యేది? కన్నంతా తెల్లగా పువ్వు దిగింది. ఇంత లావు పువ్వు నేను ఎద్దుల్లో కూడా చూళ్ళా. ఒక్కటే ఉమ్ము ఉమ్మాను. రేపటికల్లా రాలిపోయిద్ది" అన్నారు.

నాకు కొంచెంసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన్ని దాటుకుని లోపలికి పరిగెత్తాను. దూది మంచం కింద మూలకి నక్కి ఉంది. తెల్లటి చెంప మీద కంటి నుంచి మెడదాకా గోధుమరంగు చార. దగ్గరికి తీసుకుంటే పొగాకు వాసన. కన్ను తెరవడం లేదు. నేను ముట్టుకుంటే అది ఎప్పుడూ అరవని అరుపు అరిచింది. నీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్డతో పిండుతూ కూర్చున్నాను. గుమ్మం దగ్గర పిన్ని గారు నిలబడింది. ఆమె రెండు ముంజేతుల మీదా పిల్లి రక్కిన గీరలు, వాటి మీద పసుపు.

"పట్టుకోమన్నారు, పట్టుకున్నానమ్మా" అంది.

నేను ట్యూబు తీసుకుని బయటికి వచ్చాను. ఆయన చెయ్యి అడక్కుండానే పట్టుకుని, ఆ అరచేతిలో ఇంత మందు పిండాను. తెల్లగా వెన్నలా వచ్చింది. వేలితో పరిచాను.

"ఇదేనా మీరు చూసిన పువ్వు?"

చేతిలోకి చూసుకున్నారు. నిజంగా చూశారు, అది నేను ఒప్పుకుంటాను. ఒక్క క్షణం ఆయన దవడ ఆగింది. మనిషన్నవాడికి ఏదో ఒక మాట రావలసిన క్షణం అది. అయ్యో అని రావచ్చు. పొరపాటయిందమ్మా అని రావచ్చు. ఏదీ రాకపోతే మౌనమైనా రావచ్చు. ఆయన ఆ చేతిని పంచెకి తుడుచుకున్నారు.

"మందు పెట్టేది అట్టానా? పువ్వులాగా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. తప్పు నాది. మందుది. "అయినా కింద పువ్వు లేకపోతే పైన అంత తెల్లగా ఎట్టా కనపడుద్ది? నాకు తెలవదా?"

మర్నాడు మళ్ళీ వైరు బుట్ట, మళ్ళీ ఎర్ర బస్సు. డాక్టరు రెప్ప తీసి చూసి, "ఏం పడింది దీంట్లో?" అన్నాడు.

"పొగాకు ఉమ్మండీ."

"ఉప్పు కూడానా?"

"కూడా."

టార్చిలైటు ఆర్పి బల్ల మీద పెట్టాడు. వచ్చిన గేదెల్లో ఎన్నిటికి ఆ సంగతి చూశాడో, ఎవరు చేశారని అడగలేదు. నాకు మందులిచ్చి రోజూ రమ్మన్నాడు. రోజూ వెళ్ళాను. మానుతున్న గీత పుండయింది, పుండు లోపలికి దిగింది, నల్లగుడ్డు మెత్తబడి ఒక రోజు కారిపోయింది. చివరికి డాక్టరు మిగిలింది తీసేసి రెప్పలు కలిపి కుట్టేశాడు. "ఉండాల్సిన కన్నమ్మా. ఇంకో వారం ఎవరూ ముట్టుకోకపోతే ఉండేది" అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు. అది నాకు ఇప్పటికీ ఓదార్పు కాలేదు.

ఊళ్ళో మాత్రం కథ వేరేగా నడిచింది. "పేట డాక్టరు కన్ను కోసేశాడు. నా దగ్గర వదిలేసినట్టయితే పువ్వు రాలిపోయేది" అని బాబాయి గారు అరుగు మీద చెప్పారు, పొలంలో చెప్పారు, నా ఎదురుగానే నా హెడ్మాస్టరుకి చెప్పారు. అందరూ నా వంక జాలిగా చూశారు. చదువుకున్న పిల్ల, తెలియక పిల్లి కన్ను పోగొట్టుకుందని. ఆ ఊళ్ళో ఒంటరి ఆడదానికి అద్దెకిచ్చే ఇల్లు ఇంకోటి లేదు. అక్కడే ఉన్నాను. ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన అది గమనించలేదు.

ఆ తర్వాత ఏడో ఏట ఆయన కంట్లో శుక్లం ముదిరింది. కొడుకు గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించుకొచ్చాడు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసుకుని, వసారాలో నులక మంచం మీద పడుకుని, ఆయన చేసిన రాజ్యం చూడాలి. వాకిట్లో మిరపకాయలు వేరే కళ్ళానికి తరలించారు, ఘాటు వస్తుందని. పిన్ని గారు తాళింపులో ఎండుమిరపకాయ వెయ్యడానికి లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపి, "నోట్లో పొగాకుంటే ఉమ్మేసి, పుక్కిలించి రా. ఆ నోటితో నా మీదకి వంగమాక" అనేవారు. ఆయన పాత స్నేహితుడొకాయన, నిజంగానే అమాయకంగా, "ఎందుకురా ఈ తిప్పలన్నీ? నీ మందే నువ్వు ఏయించుకోగూడదా?" అన్నాడు.

"ఒరేయ్, మడిసి కన్నూ గొడ్డు కన్నూ ఒకటేనంట్రా?" అని ఇంతెత్తున లేచారు.

అంటే తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. నాకు తెలవదా అనే మనిషికి ఆ ఒక్క సంగతి తెలుసు.

కంట్లో చుక్కలు వెయ్యాలి. పిన్ని గారికి చెయ్యి వణుకుతుంది. కొడుకు వేస్తే చుక్క ముక్కు మీద పడుతోంది. ఒక సాయంత్రం పిన్ని గారు నా గుమ్మంలో నిలబడి, "నువ్వు వేస్తావా అమ్మా" అని అడిగింది. ఆమె మొహం చూసి వెళ్ళాను, ఆయన కోసం కాదు.

"చేతులు సబ్బుతో కడుక్కున్నావా?" అన్నారు ఆయన.

"కడుక్కున్నానండీ."

"గోళ్ళ సందుల్లో?"

మళ్ళీ వెళ్ళి కడుక్కుని వచ్చాను. మంచం తల వైపు నిలబడి, గడ్డం కింద వేలు పెట్టి తల ఎత్తాను. సీసా పై నుంచి కాకుండా పక్క నుంచి తెచ్చాను. కింది రెప్ప కొంచెం జార్చి అందులో చుక్క వదిలాను. ఆయన ఉలికిపడలేదు కూడా. ఆ కన్ను నా చేతి కింద ఎర్రగా, తడిగా, కుట్లతో, పూర్తిగా నాకు వదిలేసినట్టుగా ఉంది. నా నోట్లో ఉమ్మి ఊరింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఊరింది. మింగేశాను.

"చెయ్యి భలే తేలిగ్గా ఉందమ్మా నీది" అన్నారు. "ఎక్కడ నేర్చావు?"

ఈ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ళ నుంచో ఎదురు చూస్తున్నానని అది వినపడేదాకా నాకు తెలియదు. "మా పిల్లికి వేసి నేర్చుకున్నానండీ" అన్నాను.

"ఏ పిల్లి?" అన్నారు ఆయన.

నటన కాదు. నటన అయితే నాకు కొంచెం నయంగా ఉండేది. దూది గడప మీదే కూర్చుని ఉంది, కుట్టేసిన కన్ను ఆయన వైపే ఉంది. స్తంభం పక్కన నిలబడ్డ పిన్ని గారు తల వంచుకుని ముంజెయ్యి రుద్దుకుంటోంది, అక్కడ ఇప్పుడు గీరలేమీ లేకపోయినా. ఆయన మూత పెట్టని రెండో కంటితో గడప వైపు చూసి, "ఆఁ, అదా. దాన్ని బయటికి తోలమ్మా. ఎంట్రుకలు కంట్లో పడతాయి" అన్నారు.

సీసా మూత బిగించి పిన్ని గారి చేతిలో పెట్టాను. దూదిని ఎత్తుకుని నా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. మర్నాటి నుంచి చుక్కలు ఎవరు వేశారో నేను అడగలేదు. ఆ వేసవిలో చీరాల వైపు బదిలీ చేయించుకున్నాను. వైరు బుట్టలో దూదిని పెట్టుకుని, వెళ్ళొస్తానని పిన్ని గారికి మాత్రం చెప్పి వచ్చాను. దూది ఒంటికంటితోనే చాలా ఏళ్ళు బతికింది. ఎడమ పక్క నుంచి ఎవరు వచ్చినా చివరిదాకా ఉలికిపడుతూనే ఉండేది, నేను వచ్చినా సరే.

ఈ పొద్దున కోడలు మళ్ళీ ఫోన్ చేసింది. "వస్తున్నారు గదా టీచరు గారూ? ఇంకో మంచి సంగతి మీకు చెప్పలా. మామయ్య కళ్ళు దానం చేశామండీ. గుంటూరు నుంచి వచ్చి తీసుకెళ్ళారు. ఆ వయసులో అంత శుభ్రంగా ఉన్న నల్లగుడ్లు తాము చూడలేదన్నారంట. చిన్న మచ్చ లేదంట, పువ్వు లేదంట. ఈ మాట మీరు నలుగురిలో చెప్తే బాగుంటది. ఎట్టా అంత బాగున్నాయో అని అందరూ ఒకటే ఆశ్చర్యపోతన్నారు."

"ఆశ్చర్యం ఏముందమ్మా?" అన్నాను. "ఆయన కళ్ళల్లో ఎవరూ ఉమ్మలేదు గదా."